మా బావి నీళ్లు తాగిన ఎముక

మా మేనమామ కొడుకు శాస్త్రవేత్త. నేను బడిపంతులును. ఇద్దరం గద్వాలలో ఒకే ఇంట్లో, మగ్గాల చప్పుడు మధ్య పెరిగాం. వాడు నాకంటే చిన్నవాడు, చిన్నప్పుడు చదువులోనూ నా వెనకే ఉండేవాడు. తర్వాత హైదరాబాదు పోయి రసాయనశాస్త్రం చదివాడు. పాతకాలపు ఎముకలను పొడి చేసి, అందులో ఏమేమి ఉన్నాయో తేల్చే పనిలో పడ్డాడు. నేను కృష్ణకు ఇవతల, ఆత్మకూరు దగ్గరి పల్లెలో పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ ఉండిపోయాను. వాడి మీద నాకున్నది కుళ్లే. దానికి ఇంకో మంచి పేరు వెతికే ఓపిక నాకు లేదు.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో వాడు ధరూరు వైపు కృష్ణ ఒడ్డున, గులకరాళ్లలో కొన్ని పెద్ద ఎముకలు ఏరాడు. ఎప్పుడో అంతరించిపోయిన అడవి ఎద్దులవట, ఏనుగులవట. వాటి మీద ఒక వ్యాసం రాశాడు. ఇంకేముంది, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు వాడిని వెతుక్కుంటూ గద్వాల దాకా రావడం మొదలైంది. నేను ఎప్పుడు పోయినా మా అత్త అన్నం వడ్డిస్తూ వాడి ముచ్చటే ఎత్తేది.

"మావోడు ఎముకను జూసి దాని ఈడు చెప్తడు అల్లుడా" అనేది. నేను గబగబా తిని లేచేవాడిని.

ఒక ఎండాకాలం ఆ ఎముకలు చూద్దామని వెళ్లాను. చూద్దామని కూడా కాదు, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని. వాటిని మగ్గం గదిలో చాప మీద పరిచి పెట్టాడు. వాటిలో ఒకదాన్ని చూడగానే గుర్తుపట్టాను. నా తొడంత లావున్న కాలి ఎముక, ఒక కొసన పలుగు దెబ్బకు పెచ్చు లేచిపోయి ఉంది. ఆ దెబ్బ నా కళ్ల ముందే పడింది. కొన్నేళ్ల కిందట, నేను పంతులుగా ఉన్న పల్లెలో మంచినీళ్ల బావిని లోతు చేస్తున్నప్పుడు బయటపడిన ఎముక అది.

మా దిక్కు ఒక ఆచారం ఉంది. తాగే నీళ్ల కింద ఎముక కనబడితే అది మనిషిదా పశువుదా అని ఎవరూ చూడరు. ఎవరి పెద్దలో ఏమోనని కొత్త గుడ్డలో చుట్టి కృష్ణలో కలిపి వస్తారు. దీన్ని కూడా అట్లాగే మోసుకుపోయి, పుట్టిలో నడి ఏటికి పోయి వదిలాం. వరద దాన్ని అవతలి ఒడ్డుకు నెట్టినట్టుంది. మా వాడు అది ఏటి ఎముకేనని నమ్మి వ్యాసంలోకి ఎక్కించాడు. లోలోపల నేను పండగ చేసుకున్నాను.

ఆ సాయంత్రమే వాడిని చూడటానికి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. అదను చూసుకుని వాళ్ల ముందే అన్నాను.

"ఇది ఏటిది కాదు. మా బాయిల ఎల్లింది. మేమే తెచ్చి కృష్ణల ఏసినం."

వాడి మొహం మాడిపోతుందని ఎదురుచూశాను. వాడు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిజమా బావా? దీంతోనే పరేషాన్ అయితున్న. మిగిలినయన్నీ ఒక తీరున్నయి, ఇదొక్కటి ఇంకో తీరుంది. దీంట్ల ఫ్లోరిన్ మస్తున్నది. ఏట్ల పడున్న ఎముకకు గంత ఎక్కడికెల్లి వచ్చిందో తెల్వక తల పట్టుకున్న."

"అయితే నువ్వు రాసింది తప్పే గదా" అన్నాను.

"ఆ ముక్క తప్పే. దిద్దుత. ముందుగాల మీ బాయి చూపియ్యి."

ప్రొఫెసర్లు వాడి వంక ఇంకా మెచ్చుకోలుగా చూశారు. తప్పు బయటపడినా వాడికి మెప్పే. పడగొడదామని పోయి వాడికి నిచ్చెన వేసి వచ్చాను.

తెల్లారి వాడు నాతోనే పుట్టి ఎక్కి మా ఊరొచ్చాడు. బావి నీళ్లు సీసాల్లో పట్టాడు. మట్టిలో ఉన్న ఎముక చుట్టూ ఉన్న నీటిలోని ఫ్లోరిన్‌ను మెల్లమెల్లగా పీల్చుకుంటుందని, ఆ నీళ్లు తాగే మనిషి ఎముక కూడా అదే పని చేస్తుందని, అది మితిమీరితే నడుములు బిగుసుకుని వంగిపోతాయని చెప్పాడు. మా ఊళ్లో నడుములు వంగిపోతే మోతపని వల్ల అనుకునేవాళ్లం. తర్వాత మా పెద్దబిడ్డను పిలిచి, "ఏదీ, జర నోరు తెరువు బిడ్డా" అన్నాడు. దాని పళ్ల నిండా గోధుమరంగు చారలు. సరిగా తోముకోదని ఇంట్లో అందరం దాన్నే అనేవాళ్లం. అవి కూడా ఆ నీళ్ల పనేనట.

నీళ్లలో ఏముందో వాడు తేల్చి చెప్పాక, ఊరు ఆ బావిని చేన్లకు వదిలేసింది. తాగడానికి వాగు ఇసుకలో చెలిమెలు తవ్వుకున్నారు. దూరం ఎక్కువని తిట్టుకుంటూనే ఆడవాళ్లు ఆ నీళ్లు మోశారు. వాడు రాసిన రెండో వ్యాసానికి మొదటిదానికంటే ఎక్కువ పేరు వచ్చింది. ఎముక ఏ నీళ్లలో నానిందో తెలిస్తే అది ఎక్కడిదో పట్టుకోవచ్చని అందులో చూపించాడు. తర్వాత చాలామంది ఆ దారిలోనే పోయారు. వ్యాసం చివర నా గురించి 'స్థానిక ఉపాధ్యాయుడు ఒకరు' అని రాశాడు. పేరెందుకు రాయలేదని అడిగితే, "నీకు నచ్చదనుకున్న బావా" అన్నాడు. ఆ 'ఒకరు' అన్న మాటను చాలాకాలం మరిచిపోలేకపోయాను.

బావి మానేశాక పుట్టింది మా చిన్నది. దానికి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి, ఒక్క మచ్చ లేకుండా. వాడు మా ఇంటికి వచ్చినప్పుడు వాడి ఒళ్లోకెక్కి నోరంతా తెరిచి చూపించింది. మా ఆవిడ మురిసిపోయింది. నాకూ సంతోషమే. కాని నా బిడ్డ పళ్లు తెల్లగా ఉండటానికి కూడా వాడే కారణం కావాలా అని ఒళ్లు మండింది.

పెద్దది అప్పటికి పెళ్లీడుకు వచ్చింది. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. తలుపు పక్కన నిలబడి చెల్లెలి పళ్లు చూసి మెల్లగా అంది.

"మామా, నువ్వు జర ముందుగాల వచ్చుంటే మంచిగుండు."

వాడు తల దించుకున్నాడు. నేను వాళ్ల పక్కనే ఉన్నాను. ఆ బావి నీళ్లు రోజూ తోడి దానికి తాగించినవాడిని నేను, ఊరి పిల్లలందరికీ చదువు చెప్పిన పంతులును నేను. ముందే ఎందుకు పసిగట్టలేదని నన్ను అడగొచ్చని నా బిడ్డకు తోచనే లేదు.