తమ్ముడి అడుగులకు మరమరాల పలక

మొన్న వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, కూలర్ ముందు కాస్త నడుం వాలుద్దామనుకుంటూ ఉండగా వంటింట్లోంచి వెన్న కరుగుతున్న వాసన వచ్చింది. ఆ వేళప్పుడు మా వంటింట్లో గిన్నె చప్పుడైందంటే పిల్లి అయినా దూరి ఉండాలి, మా మనవరాలైనా దూరి ఉండాలి. లేచి వెళ్ళి చూద్దును కదా, మనవరాలే. స్టవ్ పక్కన ఫోను నిలబెట్టుకుని, మా భిలాయి సుపేలా బజారులో వాళ్ళ నాన్న చేత కొనిపించుకున్న పొట్లం ఒకటి విప్పుతోంది. అందులో తెల్లగా, మెత్తగా, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి లేచే ముక్కలు. మార్ష్‌మాలో అట. ఒకటి నోట్లో వేసుకుని చూశాను, తీపి తప్ప మరో రుచి తగిలితే ఒట్టు. పొట్లం మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. చేపల పులుసు లొట్టలేసుకుంటూ తినేదాన్నే గానీ, మిఠాయిల్లో జంతువుల జిగురేదో కలుస్తుందంటే మాత్రం నేను ఒప్పుకోను.

వెన్న కరిగాక ఆ తెల్లముక్కలు వేసి సన్నటి సెగ మీద కలుపుతుంటే అవి కరిగి, సాగి, గరిటెతో పైకి ఎత్తితే తీగలు తీగలుగా వచ్చాయి. ఫోనులో చూపించే ఆ విదేశీ గింజలు మా రిసాలి పేట కొట్టులో దొరకలేదని, డబ్బాలో ఉన్న మరమరాలు పోసేసింది. ఓవెన్ అక్కర్లేదు నానమ్మా, ఏక్‌దమ్ ఈజీ అని నాకు ధైర్యం కూడా చెప్పింది, అక్కడికి నేనేదో భయపడుతున్నట్టు. ఇక ఉండలు చుట్టడానికి చేతికి నెయ్యి రాసుకోమని చెప్పబోతున్నాను, అది ఆ ముద్దనంతా పళ్ళెంలోకి తిరగేసి, అరచేత్తో అణిచి, చదును చేసి, చాకుతో గళ్ళు గళ్ళుగా గీతలు పెట్టడం మొదలుపెట్టింది. నేను అక్కడే ముక్కాలిపీట లాక్కుని కూలబడ్డాను. ఇంట్లో ఎవరూ చెప్పకుండానే, మరమరాలతో ఉండలు చుట్టకుండా పలక చేసిన మనిషిని నా జన్మలో ఇంకొక్కరినే చూశాను, ఆయన మా నాన్న.

మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె నుంచి భిలాయి వచ్చి ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లులో కుదిరాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ రోలర్ల మధ్యకు పోయి, నలిగి, సాగి, పలకలా బయటికి రావడం రోజూ ఆయన కళ్ళముందు జరిగే పని. ప్లాంటు వాళ్ళ సెక్టారులో రెండు గదుల క్వార్టరు, ముందు చిన్న వరండా, వెనక తులసి మొక్క, వంటకు బొగ్గుల కుంపటి. దాన్ని అక్కడ అందరూ సిగ్డీ అనేవాళ్ళు. మీలో ఆ కాలపు క్వార్టర్లలో పెరిగిన వాళ్ళకు పొద్దున్నే వీధంతా సిగ్డీలు బయట పెట్టి రాజేసిన పొగ ఇప్పటికీ ముక్కుకు తగులుతూనే ఉంటుంది. అమ్మకు హిందీ రాదు, నేర్చుకోవాలన్న తాపత్రయమూ లేదు. ఆమె తాపత్రయమంతా ఒక్కదాని మీదే, మా తమ్ముడు నడవాలి.

వాడికి ఏడాది నిండకముందే పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కాళ్ళు పుల్లల్లా మిగిలాయి. ఆ రోజుల్లో పోలియో అన్న మాట పక్కింట్లో వినబడినా తల్లులు బిడ్డల్ని గట్టిగా పట్టుకునేవాళ్ళు. ప్లాంటు ఆసుపత్రి డాక్టరు అదేమీ కాదు, నీరసం, ఓపిక పట్టండి అని చెప్పాడు. కానీ వీధిలో వాడి ఈడు పిల్లలు పరుగులు పెడుతుంటే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? చలికాలమంతా అమ్మ వాడిని ఎండలో పడుకోబెట్టి నువ్వుల నూనెతో కాళ్ళు మర్దనా చేసేది. నాన్న మూడు చక్రాల చెక్కబండి చేయించి తెచ్చాడు. మావాడు దాన్ని పట్టుకుని నిలబడతాడేమోనని మేమందరం చుట్టూ చేరితే, వాడు బండిని పడుకోబెట్టి, పక్కన కూర్చుని, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ ఆడుకునేవాడు.

మనవైపు పిల్లలు తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, బిడ్డను వాటి మీద నడిపించి, వీధిలో పిల్లలందరికీ పంచిపెట్టే ఆచారం మీకు తెలిసిందే. ఒకసారి తమ్ముడు మంచం కోడు పట్టుకుని లేచి నిలబడ్డాడు. అమ్మ ఇంకేమీ ఆలోచించలేదు, రేపో ఎల్లుండో నడిచేస్తాడని బియ్యం నానబోసింది, పిండి కొట్టించింది, అరిసెలు వండింది, వీధి వీధంతా పిలిచింది. అందరి ముందూ వాడిని అరిసెల మీద నిలబెట్టి చెయ్యి వదిలింది. వాడు చక్కగా చతికిలబడి, కింద ఉన్న అరిసె ఒకటి తీసుకుని తిన్నాడు. లేపితే మళ్ళీ కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు పాపం మంచివాళ్ళు, ఏమీ అనలేదు, అరిసెలు తిని, బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు ఏమీ అనకపోవడమే అమ్మకు ఎక్కువ కష్టమనిపించింది. మర్నాడు అరిసెల చెక్కను కడిగి, తుడిచి, అటక మీదకు ఎక్కించేసింది. ఆ తరువాత మా ఇంట్లో పాకం అన్న మాట వినబడలేదు, పండగలకు కూడా పరమాన్నంతో సరి.

వాడికి రెండేళ్ళు దాటాయి. ఒకరోజు పొద్దున్న ఎప్పటిలాగే మరమరాలమ్మే ఛత్తీస్‌గఢీ ముసలమ్మ నెత్తిన గంపతో వచ్చింది. ముర్రా, ముర్రా అంటూ వీధి చివర నుంచే కేక వేసేది. మా వరండాలో గంప దించుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. నేను గిన్నె కోసం లోపలికి వెళ్ళాను, అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. తమ్ముడు గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి గంప వైపు చూస్తున్నాడు. వాడికి మరమరాలంటే ప్రాణం. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. గోడ వదిలేసి, చేతులు రెండూ గాలిలో ఆడిస్తూ, తూలుకుంటూ నాలుగడుగులు వేసి, గంపలో మోచేతుల దాకా చేతులు పెట్టేశాడు.

దేఖ్ ఓ దీదీ, టూరా రేంగత్ హే, అని ముసలమ్మ పెట్టిన కేకకు పక్క క్వార్టర్ల వాళ్ళు కూడా బయటికొచ్చారు. పిల్లాడు నడుస్తున్నాడు చూడవమ్మా అని ఆ మాటకు అర్థం. హిందీయే సరిగ్గా రాని అమ్మకు ఛత్తీస్‌గఢీ ఎలా అర్థమైందో గానీ, చేతులకు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చింది. వాడిని ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్ళి గుమ్మం దగ్గర దించింది. వాడు మళ్ళీ గంప దాకా నడిచాడు. మళ్ళీ వెనక్కి తెచ్చింది, మళ్ళీ నడిచాడు. ముసలమ్మ కళ్ళు ఒత్తుకుని, ఇంక గంప ఎత్తుకుంటే పిల్లాడి నడక ఎక్కడ ఆగిపోతుందోనన్నట్టు అందులో ఉన్నదంతా మా చేటలో కుమ్మరించి, వాడి కాళ్ళను తాకి తన కళ్ళకు అద్దుకుని వెళ్ళింది.

మొదటి షిఫ్టు దిగి నాన్న సైకిలు మీద వచ్చేసరికి అమ్మ ఇంకా వాడిని నడిపిస్తూనే ఉంది. గేటు దగ్గర సైకిలు వదిలేశాడు, అది దబ్బున పడింది, ఆ సంగతి కూడా ఆయనకు తెలీలేదు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఇక అమ్మ పట్టుబట్టింది. ఇయ్యాల్టికియ్యాల పంచాల్సిందే, రేపటికుంచితే నానొప్పుకోను, అంది. రేపటికి వాడు నడక మరిచిపోతాడేమోనని ఆమె భయం, పైకి చెప్పలేదు గానీ మాకు తెలుసు. అరిసెలకు బియ్యం నానాలి, అది ఆ పూటకు అయ్యే పని కాదు. చేట నిండా మరమరాలున్నాయి కదా, బెల్లం పాకం పట్టి ఉండలు చేద్దామంటే, అమ్మ తమ్ముడి మీద నుంచి చూపు తిప్పితే కదా. దాంతో జీవితంలో ఎన్నడూ కుంపటి ముందు కూర్చోని మా నాన్న కూర్చున్నాడు. నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి పాకం వచ్చిందో లేదో చూడాలని నేను చెబుతూనే ఉన్నాను. వింటేనా? రోజూ కాలిన ఇనుమునే రంగు సూసి సెప్తన్నాను, బెల్లం ఓ లెక్కేటే అమ్మీ, అని నన్ను కసిరాడు.

ఆయన రంగు చూస్తూ కూర్చున్నాడు, పాకం ముదిరి కూర్చుంది. మరమరాలు పోసి కలిపేసరికి గరిటె గిన్నెలో నిలబడిపోయింది. ఉండ చుడదామని చెయ్యి పెట్టి, ఓలమ్మో అని అరిచి, వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు, పంచడానికి ఇంట్లో మరింకేమీ లేదు. నాన్న ఒక్క క్షణం ఆ గిన్నెలోకి చూశాడు. అంతలోనే, మిల్లులో ఎలా ఉండేవాడో నాకు తెలీదు గానీ, అలాగే ఉండేవాడనిపించేటట్టు మొహం మారిపోయింది. పెద్ద పళ్ళెం బోర్లించి, దాని వీపున నూనె రాయమన్నాడు. గిన్నె సెగ మీద ఇంకోసారి తిప్పి, ముద్దంతా దాని మీదకు తోశాడు. అప్పడాల కర్రకు నూనె పట్టించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు తోసుకుంటూ, హటో హటో అని నన్ను తప్పుకోమంటూ, సమంగా, పలచగా సాగదీశాడు. ఆరేలోపు చాకుతో నిలువుగా, అడ్డంగా గీతలు పెట్టేశాడు.

తమ్ముడిని చంకనేసుకుని వచ్చిన అమ్మ ఆ పళ్ళెం చూసి బుగ్గ నొక్కుకుంది. ఇదేటి, ఉండలు సెయ్యమంటే పలక సేసినావు, దీని మీద అఆలు దిద్దించాలా, అంది. మా మిల్లులో పలకలే గానీ ఉండలు సుట్టరే, అన్నాడు నాన్న. అమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎంత కాలమైందో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

సాయంత్రం మళ్ళీ వీధంతా వచ్చింది. ముందుగదిలో పళ్ళెం పెట్టి, పలక బాగా చల్లారాక, అమ్మ తమ్ముడిని ఒక చివర నిలబెట్టి చెయ్యి వదిలింది. వాడు ఒక కాలు వేశాడు, పాదం కింద కరకరమంది. కిందికి చూసి రెండో కాలు వేశాడు. మళ్ళీ కరకరమంది. ఆ చప్పుడు నచ్చిందో ఏమో, అక్కడికక్కడే చతికిలబడ్డాడు. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా ముందుకు వంగారు. అమ్మ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. వాడు పలక అంచు ఒకటి విరిచి నోట్లో పెట్టుకున్నాడు, రెండో చెయ్యి నేలకు ఆనించి, పిర్రలు పైకెత్తి, ఎవరి సాయమూ లేకుండా లేచాడు. మిగతా పలకంతా తొక్కుకుంటూ అవతలి చివర కూర్చున్న నాన్న ఒళ్ళో పడ్డాడు. అమ్మ అందరి ముందూ గట్టిగా ఏడ్చేసింది. పంజాబీవాళ్ళు, బెంగాలీవాళ్ళు, ఎవరి భాషలో వాళ్ళు వాడిని దీవించారు. ఆ ముక్కలు ఎంత గట్టిగా ఉన్నాయంటే వీధి పిల్లలు చీకటి పడేదాకా చప్పరిస్తూనే తిరిగారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి అడుగులకైనా మరమరాల పలకే. మా అబ్బాయి తొక్కాడు, ఈ మనవరాలూ తొక్కింది. ఊరినుంచి వచ్చిన చుట్టాలు ఇదెక్కడి ఆచారమని వేళాకోళం చేశారు, చేస్తే చేశారు. ఆ సంగతి చెబితే మనవరాలు తన పాదాల వైపు చూసుకుని, ఛీ, ఔర్ సబ్‌నే ఖాయా, నేను తొక్కింది అందరూ తిన్నారా, అని పడీ పడీ నవ్వింది. నవ్వాక, వచ్చే ఏడాది వాళ్ళ మామయ్య కూతురు నడిస్తే ఆ పలక తనే చేస్తానంది, బెల్లంతోనే సుమా.

ఇప్పుడు సిగ్డీలు లేవు, నెత్తిన గంపతో వీధిలోకి వచ్చి కూర్చునే మనిషి లేదు, మేమున్న వరసలో సగం క్వార్టర్లకు తాళాలు. పిల్లల తొలి అడుగులు ఫోన్లలో చూస్తున్నాం. దానికి నేనేమీ బాధపడను, తమ్ముడి తరువాత పుట్టి ఇప్పుడు విశాఖలో ఉన్న మా చెల్లెలు కూడా అదే నిమిషంలో చూసి మురిసిపోతోంది. కానీ గదిలో అందరూ ఊపిరి బిగబట్టి కూర్చోవడం, పక్కింటి బిడ్డ లేస్తాడా లేవడా అని తమ బిడ్డకోసంలా తల్లడిల్లడం, అది మాత్రం ఏ ఫోనులో చూసినా నాకు దొరకడం లేదు.

తమ్ముడు పెద్దయ్యాక నాన్న పనిచేసిన మిల్లులోనే చేరాడు, ఆ పొడుగు మిల్లంతా నడిచే ఉద్యోగం చేశాడు. వాడితో సమంగా నడవలేక వాళ్ళావిడ ఇప్పటికీ విసుక్కుంటుంది. అమ్మ బతికున్నన్నాళ్ళూ, వాడి తల నెరిసిన తరువాత కూడా, వాడు ఇంటికి వస్తే ముందు మొహం చూసేది కాదు. గేటు చప్పుడు కాగానే చేస్తున్న పని ఆపి వాడి కాళ్ళు చూసేది, గుమ్మం దాకా వచ్చాక అప్పుడు తలెత్తి, వచ్చినావా నాయనా అనేది. రెండేళ్ళయింది అమ్మ పోయి. నిన్న సాయంత్రం వాడు గేటు తీసుకుని వస్తుంటే నేను బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపేశానని నాకే తెలీలేదు. వాడు సగంలో ఆగి తన కాళ్ళ వైపు చూసుకుని, ఏటక్కా అలాగ సూస్తన్నావు, సెప్పులు పాతవేలే, అన్నాడు. ఏం లేదురా, నువ్వు నడిచి రా, అన్నాను.