దిగుడుబావి మెట్ల మీద ఎన్నిక

మీ ఊరి ప్రెసిడెంటు ఇంట్లో ఏ బావి నీళ్లు తాగుతారో మీరెప్పుడైనా అడిగారా?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1955 వేసవిలో, నన్ను బేతంచెర్ల వైపు ఒక పల్లెకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హెల్త్ ఇన్‌స్పెక్టరంటే డాక్టరు కాదు. టీకాలు వేయడం, బావుల్లో బ్లీచింగు పొడి చల్లించడం, జిల్లా హెల్త్ ఆఫీసరుకు నెలనెలా రిపోర్టు పంపడం అతని పని. ఆ పల్లెను పట్టుకున్న జబ్బు నారికురుపు. రోగి దిగుడుబావిలో కాలు పెడితే కురుపులోని పురుగు నీళ్లలో పిల్లలను వదులుతుంది. ఆ నీళ్లు తాగినవాడికి ఏడాది తిరిగేసరికి కాల్లోంచి గజం పొడవు పురుగు దారంలా బయటికి వస్తుంది. మందు లేదు. పుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి. నివారణ మాత్రం చవక. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక బిగిస్తే ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. అందుకు పంచాయతీ తీర్మానం కావాలి.

సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ ఓబుళయ్య శెట్టి వేరుశనగ వ్యాపారి. పచ్చదనం, పరిశుభ్రత, ఊరి ఐకమత్యం ఆయన నినాదాలు. వీధికొక వేపమొక్క నాటి, దండ వేయించుకుని, మొక్కను మేకలకు వదిలేసేవాడు. బావి మాట ఎత్తితే మాత్రం గంగమ్మ తల్లి నోరు మూయడానికి సర్కారు మనిషి వచ్చాడని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

నేను శెట్టినీ పిలిచి బావి దగ్గరే సభ పెట్టి, గాజుగ్లాసులో నీళ్లు పోసి, ఎండకు పట్టి, అందులో కదిలే నలకలు చూపించాను. క్వారీలో రాళ్లు మోసే సుంకమ్మ కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతూ ముందుకొచ్చింది. నిరుటి వేసవిలో ఎడమకాలు, ఈసారి కుడికాలు.

“మెట్లు మూపిస్తే నీకేం పోతాది శెట్టీ? నాకు కూలి పోతాండాది. కంట్రాక్టరు ఇంగ రావద్దంటాండాడు.”

“ఏమ్మే సుంకమ్మా, ఈ నీళ్లలో పురుగులుంటే మీ తాత ఎట్ల బతికినాడే?”

“కుంటుకుంటా బతికినాడు.”

జనం నవ్వారు. శెట్టి పెరట్లో గోడ కట్టి గిలక వేసిన చేదబావి ఉన్న సంగతి నేను గుర్తుచేశాను. “అది మా ఇంటి గంగ సారూ, ఇది ఊరి గంగ” అన్నాడాయన. ఈ శాస్త్రం ఎక్కడ చదివాడో చెప్పలేదు. చెప్పులు విడిచి, మెట్లు దిగి, మూడు దోసిళ్లు తాగి, మీసం తుడుచుకుని, “సూడండప్పా, సచ్చిపోయినానా?” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఫలితం ఏడాదికి గానీ తెలియదని నేనన్నాను. ఎన్నికలకు అంత ఓపిక ఎక్కడిది? శెట్టి గెలిచాడు. మెట్లు నిలిచాయి. సుంకమ్మ పని పోయింది. రోడ్డు పక్కన కూర్చుని సగం కూలికి కంకర కొట్టింది.

మరుసటి వేసవిలో ప్రెసిడెంటుగారి నుంచి కబురొచ్చింది, వెనక వాకిలి నుంచి రమ్మని. మోకాలి కింద బొబ్బ. ఎండకు లేచిందన్నాడు. తడిగుడ్డ వేసి, బయటపడిన తెల్లటి దారాన్ని పుల్లకు చుట్టి ఆయనకే చూపించాను. అది ఏ గంగ ప్రసాదమో తేల్చుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది.

“మూడు దోసిళ్లకేనా సారూ?”

ఒక్క గుక్క చాలునన్నాను.

“ఆ తీర్మానం యాడుండాది? సంతకం యాడ పెట్టాల?”

ఆ నెలలోనే మెట్లు మూశారు, గిలక బిగించారు. గోడకు నునుపు పట్టించిన రాతిపలక కూడా అమర్చారు. ‘శుద్ధ జల ప్రదాత ఓబుళయ్య శెట్టి’ అని దాని మీద చెక్కించారు. సుంకమ్మ అడిగితే చదివి చెప్పాను.

“ఆయప్ప కాలు పేరు గూడా రాసింటే బాగుండు సారూ. మెట్లు మూపిచ్చింది అదే గదా” అంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. నా గాజుగ్లాసు ఓటరునూ కదిలించలేదు, ఫైలునూ కదిలించలేదు. పాలకుడి ఒంటిదాకా రాని రోగం ఆఫీసు లెక్కలో రోగం కాదు.

కాబట్టి రేపు ఓటడగడానికి వచ్చేవాడి చేతికి దండ ఇవ్వకండి, ఊరిబావి నీళ్ల చెంబు ఇవ్వండి. ప్రచారం నాటి మూడు దోసిళ్లతో సరిపెట్టుకోకండి. గెలిస్తే పదవి ఉన్నన్నాళ్లూ తన ఇంటిల్లిపాదీ మీ బావి నీళ్లే తాగుతారని నలుగురి ముందు చెప్పించండి. నసిగితే ఓటు వేయకండి.