పాటన్నర దూరం

ఆ రోజుల్లో నాకు తెలివి లేదని ఎవరూ అనలేరు. ఉన్న తెలివంతా లెక్కలు వేయడానికే ఖర్చయిపోయేది, అడగాల్సిన ఒక్క మాట అడగడానికి మాత్రం మిగిలేది కాదు. ఇప్పుడు మా ఆసుపత్రికి బదిలీ మీద వచ్చిన పిల్లలు ఇల్లు చూసొచ్చి, "మేడం, నల్లా నీళ్లు మంచిగొస్తయ్, గాలి మంచిగొస్తది, డ్యూటీకి నడిచి పోతే పది నిమిషాలే" అని మురిసిపోతుంటే నేను ఒకటే ప్రశ్న వేస్తాను. "ఏ వారం నాడు చూసిండ్రు?" వాళ్లు నన్ను వింతగా చూస్తారు. వారాలూ వర్జ్యాలూ చూసే పిచ్చి ఈమెకు ఎప్పుడు పట్టుకుంది, పైగా ప్రతి ఆదివారం చర్చికి పోతుంది కదా అని నా వెనక గుసగుసలాడుకుంటారని కూడా తెలుసు. ఆ ప్రశ్న కోసం నేనెంత నడిచానో వాళ్లకు తెలియదు.

మాది చెన్నూరు. బాపు కౌలుకు పత్తి వేసేవాడు, పత్తి పని లేని నెలల్లో కూలికి పోయేవాడు. ఇరవై రెండేళ్లప్పుడు నాకు కరీంనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, ఆ వార్తను వాడకట్టు మొత్తానికి చెప్పి, విన్నవాళ్లకే మళ్లీ చెప్పింది. బాపు మాత్రం అన్నం తిని, చెయ్యి కడుక్కుని, నిదానంగా ఒక షరతు పెట్టాడు. "నా జిందగీ అంత పొద్దుగాల పొద్దుగాల జీపులు పట్టుకొని వేలాడుడే అయింది. నువ్వు గట్ల చెయ్యద్దు బిడ్డా. పనికాడికి నడిచి పోయేటట్టు ఇల్లు దొరికితె నౌకరి చెయ్యి. ఆటోలు ఎక్కుడు, బస్సులకు ఉరుకుడు అంటె మాత్రం వద్దు. ఇక్కడ్నే ఏదన్న చూసుకుందం." ఇక్కడ ఏదన్నా అంటే మా చిన్నమ్మ కుట్టుమిషన్ పక్కన ఇంకో కుట్టుమిషన్ అని నాకు అర్థమైపోయింది. (నేను కుట్టిన జాకెట్టు వేసుకున్న వాళ్లెవరూ రెండోది కుట్టమని ఇవ్వలేదు.) అందుకని ఆటో ఎక్కనని, నడిచే పోతానని బాపు చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

మా ఇంట్లో దూరాన్ని కిలోమీటర్లతో కొలిచే అలవాటు లేదు. మా తాతల కాలంలో చుట్టుపక్కల పల్లెల నుంచి జనం గుంపుగా క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ చర్చికి నడిచి వచ్చేవాళ్లట. ఆ లెక్కే మా దాకా వచ్చింది. మా ఇంటి నుంచి చర్చి రెండు పాటల దూరం, బస్టాండు మూడు పాటలు, చేను ఆరు పాటలు. పాట అంటే పల్లవీ నాలుగు చరణాలూ, అదీ బాపు అడుగుతో. అవ్వ అడుగు అయితే ఇంకో చరణం కలుపుకోవాలి.

మిగతా రోజుల్లో బాపుకు చేను పని కాబట్టి ఆదివారం నాడే ఇల్లు వెతకడానికి బయల్దేరాం. ఏ ఊళ్లో ఉన్నా ఆదివారం ముందు ఆరాధన, తర్వాతే ఏ పనైనా. కరీంనగర్‌లో బస్సు దిగి, ల్యాబ్ వైపు ఉన్న పాత మిషన్ చర్చికి పోయి కూర్చున్నాం. ఆరాధన చివర్లో పాస్టరయ్యగారు కొత్తగా వచ్చినవాళ్లను లేచి పేరు చెప్పమన్నారు. బాపు లేచాడు. పేరు చెప్పి ఊరుకోకుండా నా చదువు, ఉద్యోగం, తన షరతు, మాకు కావలసిన గది, అందులో ఉండాల్సిన కిటికీ అన్నీ చెప్పాడు. నేను తలదించుకుని పాటల పుస్తకంలో లేని పేజీ కోసం వెతుకుతున్నాను. సిగ్గు పోతే పోయింది గానీ పనైంది. వెనక వరుసలోంచి ఒక రిటైరైన నర్సమ్మ, ఊరంతా సిస్టరమ్మ అని పిలిచే ఆమె, "మా మీది రూము ఖాళీగున్నది, ఆడపిల్లకైతె ఇస్త" అంది.

సిస్టరమ్మ ఇల్లు చర్చి ముందు గేటుకు ఎదురుగానే ఉంది. ఆ గేటులోంచి లోపలికి పోయి, చర్చి పక్కనుంచి వెనక గేటు దాటి, చిన్న సందులో పోతే ల్యాబ్. బాపు సిస్టరమ్మ గడపలో నిలబడి గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. ఆదివారం జనం రెండు గేట్లలోంచీ వస్తున్నారు, పోతున్నారు. కొందరు ప్రార్థన ఇంకా అయిపోలేదేమోనని ఆగి నిలబడ్డారు కూడా. ల్యాబ్ బోర్డు కిందికి వచ్చేసరికి రెండో పాటలో రెండో చరణం. "పాటన్నర! దేవుడే చూపిచ్చిండు బిడ్డా!" అన్నాడు బాపు. నేనైతే పొద్దున ఆరున్నర దాకా పడుకున్నా ఏడింటికి డ్యూటీలో ఉండొచ్చని, ఆ లెక్కన ఏడాదికి ఎన్ని గంటల నిద్ర మిగులుతుందో వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆ వెనక గేటు వారంలో ఎన్ని రోజులు తెరిచి ఉంటుందని ఇద్దరిలో ఒక్కరం అడగలేదు. గేటు తెరిచే ఉంది కదా, ఏమని అడుగుతాం?

సోమవారం ఇస్త్రీ బట్టలు వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, దర్జాగా చర్చి ఆవరణ దాటి వెనక గేటు దగ్గరికి పోయాను. గొలుసు, గొలుసుకు నా పిడికిలంత తాళం. కాపలా తాత చెట్టు కింద పళ్లు తోముకుంటున్నాడు. "గది ఆదివారం ఒక్కనాడే తెరుస్తం బిడ్డా. కడమ దినాలు తెరిస్తె మేకలు జొర్రి అమ్మగారి పూలచెట్లన్నీ మేస్తయ్" అన్నాడు. (అమ్మగారంటే పాస్టరయ్యగారి భార్య.) మరి అవతలికి ఎట్లా పోవాలంటే, చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. చర్చి గోడ, దాన్నానుకుని బడి గోడ, ఆ తర్వాత దాటడానికి వీల్లేని పెద్ద మోరీ కాలువ, మోరీ వెంబడి మెయిన్ రోడ్డు, అక్కణ్నుంచి వెనక్కి. నలభై నిమిషాలు పట్టింది.

రక్తపరీక్ష అంటే జనం పరగడుపున వస్తారు. ఏడింటికి రక్తం ఇచ్చి, చాయ్ తాగి, పనులకు పోవాలి. నేను పోయేసరికి బెంచీ నిండా ఆకలితో ఉన్న మనుషులు. ముందు కూర్చున్న షుగర్ తాత, "నా చాయ్ నీ చేతులున్నది బిడ్డా, జర జల్ది రారాదు" అన్నాడు. ల్యాబ్ మేడం అరవలేదు. "మొదటి నెలలో మూడుసార్లు లేటైతే వేరే అమ్మాయిని చూసుకుంటం" అని మెత్తగా చెప్పి, రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఎర్ర సున్నా చుట్టింది. ఆ ఎర్ర సున్నాలో నాకు మా చిన్నమ్మ కుట్టుమిషన్ కనిపించింది. పది గంటలకు బాపు ఫోన్. "పాటన్నరల పోయినవా?" "పోయిన బాపు" అన్నాను. నా జీవితంలో బాపుతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఆ రోజంతా మింగుడు పడలేదు.

మంగళవారం చీకటితోనే లేచి, చుట్టు దారిలో పరుగెత్తుకుంటూ వేళకే పోయాను. కానీ ఆయాసంతో చెయ్యి వణికి నరం దొరకలేదు. షుగర్ తాత నన్ను జాలిగా చూసి, "నడువుమని డాక్టరు నాకు రాసిండు, నువ్వెందుకు ఉరుకుతున్నవ్?" అన్నాడు. బుధవారం నాకు ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. గోడ దూకుదామని. ఎక్కడం ఎక్కాను. చున్నీ ఇనుప చువ్వకు చిక్కుకుంది, డబ్బా అవతల పడింది, నేను గోడ మీద మిగిలాను. కిందనుంచి ఒక మేక తలెత్తి చూసింది, అది లోపలికి వచ్చే దారి కోసం నిలబడ్డట్టుంది. కాపలా తాత నిచ్చెన తెచ్చి దించేటప్పటికి ఏడుంబావు. రెండో ఎర్ర సున్నా.

ఆ సాయంత్రం పోయి పాస్టరయ్యగారి కాళ్లావేళ్లా పడ్డాను. చర్చిలో ఏదో ఒక పని చేసేవాళ్లకు తప్ప తాళంచెవి ఇవ్వడం కుదరదన్నారాయన. పాటల గుంపులో చేరతానన్నాను. పాటలు నేర్పే ఆంటీ నా చేత పాడించుకుని, చరణం సగంలో ఆపి, "నీకు చెట్లంటె ఇష్టమేనా బిడ్డా?" అని ప్రేమగా అడిగింది. అట్లా రోజూ పొద్దున్నే అమ్మగారి నలభై పూలకుండీలకు నీళ్లు పోసే పని, దాంతోపాటు తాళంచెవి నాకు దక్కాయి. బోరింగు కొట్టి, బకెట్లు మోసి, నలభై కుండీలు తడిపేసరికి అరగంట పైనే. అంటే చుట్టు దారిలో పోయినా అంతే, దగ్గరి దారిలో పోయినా అంతే. నిద్ర లెక్క ఎప్పుడో గాలికి పోయింది. కాకపోతే వేళకు పోతున్నాను, చెయ్యి వణకడం లేదు, ఒంటికి తడి మట్టి వాసన. బాపు ఫోన్ చేసినప్పుడల్లా "పాటన్నరే" అంటూనే ఉన్నాను.

మూడో వారంలో, ఒక బుధవారం సాయంత్రం, చెప్పాపెట్టకుండా బాపు దిగాడు. సంచిలో బియ్యం, మామిడి తొక్కు. "రేపు నీతోని ల్యాబ్ దాక నడిచి, అటెన్క బస్సెక్కుత" అన్నాడు. నాకు అన్నం సయించలేదు. తెల్లారి ఐదున్నరకు చప్పుడు కాకుండా లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి, "పాటన్నర దూరానికి గింత పొద్దుగాల ఎందుకు లేసినవ్?" అన్నాడు. ఇక దాచలేకపోయాను. మెట్ల మీద కూర్చుని గేటు, గోడ, మేక, ఎర్ర సున్నాలు, అబద్ధాలు అన్నీ చెప్పి ఏడ్చేశాను. ఇంకొక్క సున్నా పడితే మేడం పంపిస్తుందని, ఇది తెలిసిన తర్వాత నువ్వే తీసుకుపోతావని కూడా అన్నాను. బాపు లేచి చెప్పులు వేసుకున్నాడు. "గవన్ని తర్వాత. ఆడ జనం ఆకలితోని కూసుంటరు. ఇంకో బకెట్ ఉన్నదా?" అన్నాడు.

ఆ రోజు బాపు బోరింగు కొట్టాడు, నేను మోశాను. ఏడుపులో పోయిన సమయం బకెట్లలో కలిసొచ్చింది. ఏడింటికి రెండు నిమిషాల ముందు నేను ల్యాబ్‌లో ఉన్నాను. బాపు గుమ్మం బయట నిలబడి, షుగర్ తాత చేతికి నేను సూది గుచ్చడం చూశాడు. తాత చాయ్‌కి పోతూ ఆయనతో, "నీ బిడ్డనా? సూది పెట్టినట్టే తెల్వదు" అన్నాడు. బాపు తలూపి ఎటో వెళ్లిపోయాడు. బస్సెక్కి ఉంటాడు, ఫోన్ చేసి సామాను సర్దుకోమంటాడు అనుకుంటూ మధ్యాహ్నం దాకా ఎలా పనిచేశానో నాకే తెలియదు.

డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి బాపు మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, చెప్పుల నిండా దుమ్ము. "చుట్టు తొవ్వల నడిచొచ్చిన. తొమ్మిది పాటలైనయ్. నడుమ గొంతు ఎండిపోయి ఒక పాట మనసుల పాడిన" అన్నాడు. "గంత దూరం ఉంటె ఆటో ఎందుకు ఎక్కలే?" అని అడిగాడు. "నీకు మాటిచ్చిన గద బాపు, నడిచే పోత అని." బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. "నేను నడువుమన్న, నువ్వు నడిచినవ్. ఇగ నేను అడిగేది ఏమున్నది? నౌకరి చేసుకో. కని అబద్ధం మల్ల ఆడకు. గేటు సంగతి అడగకపోవుడు నాది గుడ తప్పే" అన్నాడు. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఆకలి కూడా.

మూడో సున్నా పడలేదు. ఆ గదిలోనే మూడేళ్లున్నాను. నీళ్లు బాగా పోస్తున్నానని అమ్మగారు మురిసిపోయి కుండీలు పెంచుకుంటూ పోయింది, నేను ఆ గది ఖాళీ చేసేనాటికి అరవై దాటాయి. తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చి ఆదిలాబాద్ చేరాను. బాపు ఇప్పుడు లేడు. స్కూటీ కొనుక్కుని ఏడేళ్లయింది. అప్పుడప్పుడు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద పోతుంటే, డబ్బా పట్టుకుని, చున్నీ జారిపోతూ, ఆయాసపడుతూ పరుగెత్తే ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. పక్కన బండి ఆపి, "ఎందుకింత పరేషాన్ అయితున్నవ్, మీ బాపుకు చెప్పెయ్యి, ఏమనడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆ పిల్ల ఆగదు, బండి ఎక్కమన్నా ఎక్కదు.