అత్తమ్మ గడ్డి కప్పు కిందికి రానన్న వేసవి

మండుటెండలో కూడా తన పిల్లల కోసం నీడను దాచి ఉంచే దేవునికి స్తోత్రం. మాకు ఊపిరి ఇచ్చినవాడు ఆయనే, ఆ ఊపిరితో ఇంట్లో వాదులాడుకుంటుంటే ఓర్చుకునేవాడూ ఆయనే. ఆయన నామానికే మహిమ కలుగును గాక.

మా సంఘంలో మా అత్తమ్మ సాక్ష్యం తెలియనివాళ్ళు లేరు. చర్ల వైపు అడవిని ఆనుకుని ఉన్న ఊళ్ళో, గడ్డి ఇంట్లో ఆమె కాపురం మొదలైంది. వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీద పరిచి, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, కారని మూల వెతుక్కుని కూర్చునేదట. ఏటా సాక్ష్యంలో అదంతా చెప్పి, చివర్లో, "ప్రభువు నన్ను గడ్డి కప్పు కింద నుంచి తీసి స్లాబు కింద కూసోబెట్టిండు" అంటుంది. ఆ మాట వస్తోందని తెలిసి సంఘం ముందే చప్పట్లు మొదలుపెడుతుంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది మా ఆయన.

ఈ వేసవిలో ఆ స్లాబు కిందే ఆమెకు కళ్ళు తిరిగాయి. మధ్యాహ్నం కరెంటు పోయింది, కాసేపటికి మంచం పక్కన కూలబడింది. దవాఖానాలో సెలైన్ ఎక్కించారు. ఈ వయసులో ఇంకోసారి ఇలా పడితే తేరుకోవడం కష్టమని, పగటిపూట స్లాబు వేడిలో ఉంచొద్దని, గాలి ఆడే నీడ చూడమని డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి మరీ చెప్పింది. మా దొడ్లో చెట్టంటే ఒక్క మునగచెట్టే. దాని నీడలో కోడిపిల్ల కూడా సర్దుకుని కూర్చోవాలి.

అప్పుడు మా ఆయన ఫోనులో వెతికి ఒక పందిరి కిట్టు తెప్పించాడు. ఇనుప స్తంభాలు, బోల్టుల సంచి, పైన కప్పడానికి అచ్చం ఎండుగడ్డిలా కనిపించే ప్లాస్టిక్ చాపలు. డబ్బా మీది బొమ్మలో ఒక దొరసాని దాని కింద కూర్చుని టీ తాగుతోంది. ఆ బొమ్మ చూసి మా ఆయన కరిగిపోయాడు. ప్రతి ఏడూ తను ఆమేన్ అనే మాట ఏమిటో ఆయనకు గుర్తు రాలేదు.

ఆయన మిల్లులో మెషీన్లు విప్పి బిగించే మనిషి. కిట్టుతో వచ్చిన కాగితం తనకు అక్కర్లేదన్నాడు. నోవహు అంతటివాడే దేవుడు చెప్పిన కొలతలు విని ఓడ కట్టాడని గుర్తు చేశాను. సాయంత్రానికి చట్రం లేచింది గాని, మోకాళ్ళ మీద ప్రార్థనకు వంగినట్టు ఒక పక్కకు ఒరిగింది. మర్నాడు అంతా విప్పి, కాగితం నాతో చదివించుకుంటూ బిగించి, పైన గడ్డి చాపలు కప్పాడు. నేను చదివిన ప్రతి ముక్కకీ, తనూ అదే అనుకున్నానన్నాడు. గోడ మీదుగా చూసిన పక్కింటాయన, కల్లు దుకాణం ఎప్పుడు తెరుస్తున్నారని అడిగాడు.

ఆ మాట విని అత్తమ్మ బయటికి వచ్చింది. తలెత్తి కప్పు వంక చూసింది.

"ఏందిరా ఇది?"

"నీడ, అమ్మా. నీకోసమే. అసలు గడ్డి గూడ కాదు, ప్లాస్టిక్."

"రోడ్డు మీద పోయెటోళ్ళకు ఏం తెలుస్తది? ప్రభువు నన్ను అండ్లకెళ్ళి తీసిండని ఇంతమందిల చెప్పిన. నువ్వేమో పైసలు పెట్టి మళ్ళ అండ్లకే తోలుతున్నవ్."

మా ఆయన స్పానర్ పట్టుకుని నా వైపు తిరిగాడు. నేను వాక్యం అందుకున్నాను. ఇశ్రాయేలీయులు మంచి ఇళ్ళు కట్టుకున్న తర్వాత కూడా ఏటా పండుగకు పర్ణశాలలు వేసుకుని వాటిలో ఉండాలని దేవుడే ఆజ్ఞాపించాడు గదా అన్నాను. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పినట్టు కొంచెం వివరించాను కూడా.

"వాళ్ళకు ఏడు దినాలే బిడ్డా. నేను ఆ పండుగ ఇరవై ఏండ్లు చేసిన. నా వంతు అయిపోయింది," అని లోపలికి వెళ్ళిపోయింది.



ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆమె తల మీద తడిగుడ్డ వేసుకుని స్లాబు కిందే కూర్చునేది. ముఖం కందగడ్డలా అయ్యేది. పిలిస్తే, తనకు చల్లగానే ఉందనేది. బయట పందిరిలో మా ఆయన ఒక్కడే దొరసానిలా టీ తాగేవాడు. నేను మాత్రం లోపల ఏ చిన్న చప్పుడైనా ఆమె పడిపోయిందేమోనని పరుగెత్తేదాన్ని.

గురువారం స్త్రీల కూడిక మా ఇంట్లోనే. ఆ ఉక్కలో అందరినీ లోపల కూర్చోబెట్టలేక పందిరి కింద కుర్చీలు వేశాను. అత్తమ్మ తన కుర్చీ గడప లోపలే వేసుకుని, పాట అక్కడి నుంచే ఎత్తుకుంటానంది. అప్పుడే అడవి కొట్టి పోడు సేద్యం చేసుకునే ఊరి నుంచి మా సంఘానికి వచ్చే ఒక చెల్లెమ్మ వచ్చింది. ఆమెకు ఇల్లు మంజూరైంది గాని గోడల దగ్గరే ఆగిపోయింది, ఇంకా పాత గడ్డి ఇంట్లోనే ఉంటోంది. వస్తూనే ప్లాస్టిక్ గడ్డిని చేత్తో పట్టి చూసి, ఇందులో ఎలుకలు గూడ దూరవని మురిసిపోయింది. అత్తమ్మను కూడా రమ్మంది.

"గడ్డి కిందికి మళ్ళ రానని ప్రభువుకు చెప్పుకున్న," అంది అత్తమ్మ గడప లోపలి నుంచి.

చెల్లెమ్మ నవ్వింది. "గట్లంటవేందక్కా? మొన్న మా ఇంట్ల కూడిక పెట్టుకున్నప్పుడు, ప్రభువు ఈడనే ఉన్నడని నువ్వే గదా ప్రార్థన చేసినవ్. మాది గూడ గడ్డే గద."

ఆమె మామూలుగానే అంది, అని కుర్చీ సర్దుకుంది. మిగిలిన వాళ్ళందరికీ ఒక్కసారిగా పాటల పుస్తకాల్లో పేజీలు వెతకాల్సిన పని పడింది.

 అత్తమ్మ తలుపు పట్టుకుని లేచి, కుర్చీని తనే ఈడ్చుకుంటూ వచ్చింది. మా ఆయన పరుగెత్తుకొస్తే చేత్తోనే పొమ్మంది. చెల్లెమ్మ పక్కన కూర్చుని, చెమట తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఇది ప్లాస్టిక్కే గద?"

"అవ్ అత్తమ్మా. అచ్చంగా ప్లాస్టిక్కే."

ప్రతి వారం అత్తమ్మ ఆ చెల్లెమ్మ కోసం, గడ్డి ఇంట్లోంచి ఆమెను విడిపించమని ప్రార్థన చేస్తుంది. ఆ రోజు కళ్ళు మూసుకుని ముందు ఆ గడ్డి ఇంటి కోసమే స్తోత్రం చెప్పింది. తన పాత ఇంటి కోసం కూడా చెప్పింది, వాన కురిసిన రోజుల్లో ఆ కారని మూలలో తనతో కూర్చున్నవాడివి నువ్వే అంటూ. ఆ ఇంటి కోసం స్తోత్రం చెప్పడం నేను వినడం అదే మొదలు. ఆ తర్వాతే స్లాబు అడిగింది.

చదువుతున్న మీరూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి, మాతో కలిసి అడగండి. తండ్రీ, వానలు ముదరకముందే మా చెల్లెమ్మ గోడల మీద స్లాబు పడనివ్వు. అంతవరకు ఆ గడ్డి కింద నిద్రపోయేవాళ్ళను నీ రెక్కల చాటున ఉంచు. ఈ ఎండలు తగ్గేదాకా మా అత్తమ్మకు మంచి ఆరోగ్యమివ్వు, రోజూ మధ్యాహ్నం ఆమెను బయటికి నడిపించు. మాటకు మాట చెప్పే ఆ నోటిని మాత్రం అలాగే ఉంచు. ఆమేన్ అనండి.