మూడు పాయింట్ తొమ్మిది తర్వాత

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో, నరసరావుపేటలోని ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో రికార్డు అసిస్టెంటుగా ఉన్నప్పుడు, నాకొక అదనపు పని అప్పగించారు. రోగులు తమ షిఫ్టు సమయాన్ని ఫోన్లోనే చూసుకునేలా ఒక వెబ్ పేజీ తయారు చేయడం. అప్పగించారనడం కంటే నేనే అడిగి తీసుకున్నాననడం నిజం. ఆ తర్వాత ఏడాదికి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను.

మా విభాగంలో రికార్డు అసిస్టెంటు పని ప్రధానంగా బరువులు రాయడం. రోగి రాగానే తూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. వచ్చినప్పటి బరువులోంచి దాన్ని తీసేస్తే, నాలుగు గంటల్లో మిషన్ ఎంత నీరు తీయాలో తెలుస్తుంది. దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మనిషి ప్రాణం మీదికొస్తుంది. పదిహేడేళ్లు ఆ బిందువుకు కాపలా కాశాను. నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. మిగిలిన లెక్కలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్నవే.

ఈపూరు నుంచి మస్తాన్ గారు వచ్చేవారు. పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి షిఫ్టు ఆయనది. వెంట భార్య కరీమున్ గారు వచ్చేవారు. జనవరిలో ఒకరోజు మిషన్ ఆగిపోయి ఆయన షిఫ్టు సాయంత్రానికి మారింది. నేను ఫోన్ చేసేసరికి ఇద్దరూ బస్సులో ఉన్నారు. ఆ మోతలో ఫోన్ వినపడలేదు. వచ్చాక సంగతి తెలిసి, మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని, సాయంత్రం దాకా ఆగే ఓపిక లేక వెళ్లిపోయారు. మర్నాడు ఊపిరాడని స్థితిలో ఆయన్ను ఆటోలో తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కరీమున్ గారు నన్ను తిట్టలేదు. “ముందే తెలిస్తే ఇంటికాడ అన్నం తిని, నిదానంగా వచ్చేవాళ్లం గదా బాబూ” అన్నారు, అంతే.

ఫిబ్రవరిలో ఐదు మిషన్లలో ఒకదాన్ని వారం రోజులు సర్వీసింగుకు పంపాల్సి వచ్చింది. సోమవారం నుంచి దాదాపు అందరి షిఫ్టులూ మారతాయి. పేజీ ఉంటే ఎవరి ఆసుపత్రి కార్డు నంబరు వారు కొట్టి చూసుకోవచ్చు. శనివారం సాయంత్రానికి అది నడిస్తే సరే, లేకపోతే మళ్లీ ఫోన్లేనని ఇన్‌చార్జి డాక్టరమ్మ చెప్పారు.

వెబ్ పేజీలు కట్టడానికి ఉచితంగా దొరికే ఒక టూల్‌కిట్, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట, ఎంచుకున్నాను. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. అయితే అది నడవాలంటే, దాన్ని రాసిన ప్రోగ్రామింగ్ భాష ముందుగా కంప్యూటరులో ఉండాలి. మా కంప్యూటరులో ఆ భాష 3.9 వెర్షన్ ఉంది. బుధవారం ఉదయం టూల్‌కిట్‌ను ఇన్‌స్టాల్ చేసే ఆదేశం కొట్టాను. 3.10 గానీ ఆపై వెర్షన్ గానీ ఉండాలి, ఇక్కడ 3.9 ఉందని ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

నాకు నవ్వొచ్చింది. 3.10 అంటే 3.1. మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది. తప్పు ఆ సందేశానిదేనని తేల్చుకుని, లోపం కోసం మిగతా అన్నిచోట్లా వెతికాను. ఇంటర్నెట్ కేబుల్ మార్చాను. టూల్‌కిట్‌ను మళ్లీ మళ్లీ దించాను. 3.9నే తీసేసి 3.9నే మళ్లీ పెట్టాను. అన్నిసార్లూ అదే జవాబు. బుధ, గురువారాలు అలాగే పోయాయి.

శుక్రవారం మస్తాన్ గారు మిషన్ మీద ఉన్నారు. ఆయన మంచానికి నా బల్ల నాలుగడుగుల దూరం.

“ఏంది సారూ, మొన్నట్నుంచి ఆ డబ్బాతో కుస్తీ?” అన్నారు.

చెప్పాను. అది 3.10 అడుగుతోందని, మన దగ్గర 3.9 ఉందని, ఎక్కువున్నా చాలదంటోందని.

“ఎక్కువెట్టా అయిద్ది? తొమ్మిది తర్వాతే గదా పది.”

“అది పది కాదు మస్తాన్ భాయ్. పాయింట్ ఒకటి, పక్కన సున్నా. యాభై ఎనిమిది పాయింట్ పది కేజీలన్నా, యాభై ఎనిమిది పాయింట్ ఒకటన్నా మీ బరువు ఒకటే కదా.”

“నా బరువు సంగతి సరే. మూడు డాష్ తొమ్మిది ఇల్లు దాటితే వచ్చేది మూడు డాష్ పది ఇల్లు. మీ లెక్కన పదో ఇంటి ఉత్తరం ఒకటో ఇంట్లో ఏసుంటే, ఊళ్లో నన్ను చానా మర్యాదగా తన్నేవోళ్లు!”

ఆయన నవ్వుతుంటే చెయ్యి కదిలింది. “నవ్వమాకండి, సూది కదులుద్ది” అని కరీమున్ గారు ఆ చేతిని పట్టుకున్నారు. పట్టుకుని తనూ నవ్వారు.

నేను తెర వంక చూశాను. వెర్షన్ నంబరులో చుక్క దశాంశ బిందువు కాదు. మూడో వీధిలో పదో ఇల్లన్నట్టు, మూడో వరుసలో పదో విడుదల. పదిహేడేళ్లు బరువులు రాసిన నా కంటికి చుక్క ఇంకో రకంగా కనపడలేదు.

కొత్త వెర్షన్ దించి పెట్టాను. పదకొండు నిమిషాల్లో టూల్‌కిట్ ఎక్కింది. శనివారం మధ్యాహ్నానికి పేజీ సిద్ధమైంది. డాక్టరమ్మ తన ఫోన్లో మూడు కార్డు నంబర్లు కొట్టి చూసి, సరేనన్నారు. పేజీ చూసుకునే పద్ధతిని రోగులందరి ఫోన్లకూ మెసేజీగా పంపాం.

సోమవారానికి మస్తాన్ గారి పేరు మొదటి షిఫ్టు నుంచి రెండో షిఫ్టుకు మారింది. ఆయన అది ఆదివారమే చూసుకున్నారు. ఇంట్లో అన్నం తిని, పదింటి బస్సుకు బయల్దేరి, షిఫ్టుకు ఇరవై నిమిషాల ముందు వచ్చారు. ఊపిరి మామూలుగానే ఉంది. బరువు రాసుకున్నాను.

అంకె కనపడగానే లెక్క కట్టకూడదని, అది కొలతా వరుసా అని ముందు తేల్చుకోవాలని ఆ పనిలో నేర్చుకున్నాను. నా పొరపాటుకు రెండు రోజులు పోయాయి. ఆ పొరపాటు సోమవారం లోపే బయటపడి, ఎవరికీ హాని జరగకపోవడం మాత్రం నా తెలివి వల్ల కాదు.