సదరం క్యాంపుకు మంచి రోజు

నాది నవ్వుమొహం. నెలలో ఇరవై రోజులు మా వీధిలో నా గొంతే పైన ఉంటుంది. జాకెట్టు కొలతలిచ్చేవాళ్లతో పరాచికాలాడుతూ మిషన్ తొక్కుతుంటాను. నెలసరికి వారం ముందు మాత్రం ఆ మనిషి ఎటు పోతుందో నాకే తెలియదు. ఉప్పు తక్కువైందంటే గిన్నె విసిరేస్తాను. బిడ్డ జడ వేయమని వస్తే ఏడుస్తాను. అసలు బతకడమెందుకని కూడా అనిపిస్తుంది. నెలసరి వచ్చిన రెండో రోజుకు అన్నీ సర్దుకుంటాయి, మళ్లీ నేనే మిషన్ మీద కూర్చుని కూనిరాగాలు తీస్తాను.

ఆ వారాల్లోనే మా అత్తమ్మకు మతిమరుపు ఎక్కువయ్యేది. కత్తిపీట ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తుండేది కాదు. కూరగాయలు పొరుగింట్లో కోసుకొచ్చేది. నా మనసు కుదుటపడ్డాక, "నీకు పెండ్లినాటి సంగతులు యాదుంటయ్ గని కత్తిపీట యాదుండదా అత్తమ్మా" అని ఆటపట్టించేదాన్ని. ఆమె ముసిముసిగా నవ్వేది.

నల్గొండ దవాఖానలో ఒక డాక్టరమ్మ ఈ జబ్బుకు పీఎండీడీ అని పేరుందని చెప్పినప్పుడు నాకు ఎంత సంబరమైందంటే, అక్కడే మెట్ల మీద కూర్చుని రెండు అరటిపండ్లు తిన్నాను. నావి వేషాలు కావన్నమాట. కానీ పేరు తెలిసినంత మాత్రాన జాకెట్లు కుట్టడం అయిపోదు కదా. ప్రతినెలా ఆ వారం పని ఆగిపోయేది, పండుగల ముందు గిరాకీ ఇంకో టైలర్ దగ్గరికి పోయేది. సదరం క్యాంపులో వికలాంగుల సర్టిఫికెట్ ఇస్తే పింఛన్ వస్తుంది, ఆ వారం నిమ్మళంగా గడుస్తుంది అనుకున్నాం.

సర్టిఫికెట్ సంగతులన్నీ మర్రిగూడలో ఉండే మా అవ్వకే తెలుసు. ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ ఆమె కాళ్లు వంకరపోయాయి. ఆమె సర్టిఫికెట్ పాలిథీన్ కవర్లో భద్రంగా ఉంటుంది. ఫోన్ చేస్తే ఒకటే మాట చెప్పింది: "నా కాళ్లు జూస్తే ఎవలకైనా తెలుస్తది. నీది ఏం జూస్తరు? డాక్టర్ ముంగట పండ్లు బయటవెట్టి నవ్వకు బిడ్డా."

మీసేవలో రెండు తేదీలు ఖాళీగా ఉన్నాయన్నారు. అత్తమ్మ సంచిలోంచి ఎరువుల దుకాణం వాళ్ల క్యాలెండర్ తీసి వేలు పెట్టి చూసింది. "మొదటిది వద్దు. గా దినం నువ్వు డాక్టర్ మీదికి లేస్తే ఇజ్జత్ పోతది. రెండోది మంచిగున్నది, రాహుకాలం గుడ లేదు" అంది. నాకూ నిజమే అనిపించింది.

క్యాంపు రోజు పొద్దున అత్తమ్మ నా తలకు నూనె రాసి, జడ అల్లి, పూలు పెట్టింది. ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. లైన్లో ఒకామె సంచి పట్టీ తెగితే, నా దగ్గరెప్పుడూ ఉండే సూదితో కుట్టిచ్చాను. మా ముందూ వెనకా అందరూ నా మాటలకు నవ్వుతున్నారు. లోపలికి పోయాక డాక్టర్ అడిగాడు.

"నిద్ర పడుతుందా?"

"మంచిగ పడతది సార్."

"ఆకలి?"

"దానికేం తక్కువ లేదు." అవ్వ చెప్పింది గుర్తుకొచ్చింది గానీ అప్పటికే నవ్వు బయటపడింది.

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. "వైకల్యం నలభై శాతం ఉండాలమ్మా. ఇవాళ మిమ్మల్ని చూసి నేనేం రాయను?"

జబ్బు చూపించుకోవడానికి జబ్బు లేని రోజు ఏరుకుని వచ్చిన తెలివిగలవాళ్లం మేము! అప్పుడు, ఇన్నేళ్లూ వీధిలో అందరికీ "కోడలికి తలనొప్పి" అని చెప్పి దాచిన అత్తమ్మ, ఆ క్యాలెండర్ తీసి బల్ల మీద పరిచింది. నెలనెలా వరుసగా కుంకుమ చుక్కలున్నాయి. అవి ఆమె ఒక్కపొద్దుల గుర్తులని అనుకునేదాన్ని.

"గీ ఎర్రచుక్కలు పిల్లకు మంచిగ లేని దినాలు సారూ. గా దినాలల్ల మనవరాలిని నా దగ్గర్నే ఉంచుకుంట. కత్తిపీట బియ్యం డ్రమ్ముల దాచిపెడ్త."

నేను ఆమె వైపు చూడలేకపోయాను.

"మరి ఈ పసుపు చుక్కలు?" అన్నాడు డాక్టర్.

"గా దినం మల్ల నవ్వింది సారూ."

డాక్టర్ ఆ క్యాలెండర్ చాలాసేపు తిప్పి చూశాడు. "నేను అడగాల్సిన కాగితం ఇదే. ఆరు నెలలు మందులు వాడి, ఇట్లాగే గుర్తులు పెట్టుకుని, మందుల చీటీలతో మళ్లీ రండి" అన్నాడు. ఆ రోజు సర్టిఫికెట్ రాలేదు. బస్టాండులో అత్తమ్మకు మిర్చిబజ్జీ కొనిపెట్టాను. తింటూ ఇద్దరం కాసేపు ఏడ్చాం, కారం ఎక్కువైందని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆరు నెలలు నిండాయి. వచ్చే నెలలో మళ్లీ క్యాంపు ఉంది. ఈసారి అత్తమ్మే ఎర్రచుక్కల వారం చూసి స్లాట్ తీసుకుంది. "డాక్టర్ మీదికి లేస్తే లేస్తివి, ఆయనే చూసుకుంటడు" అంటోంది. మందులతో చుక్కలు కొంచెం తగ్గాయి. ఇప్పుడు వాటిని నేనే పెడుతున్నాను. కత్తిపీట మాత్రం ఆమె ఇంకా నెలనెలా మరిచిపోతూనే ఉంది. నేనూ ఆటపట్టిస్తూనే ఉన్నాను, బియ్యం డ్రమ్ము మూత మాత్రం తీయను.