లాగితేనే చోటు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ క్రేనక్క అనేవారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదు. పెద్ద యంత్రంలోంచి తడి దుప్పట్లన్నీ పెనవేసుకుని ఒకే ముద్దగా బయటికొస్తాయి. మగవాళ్ళిద్దరు ఆపసోపాలు పడి లాగే ఆ ముద్దను, ఆమె యంత్రానికి కాలు తన్నిపెట్టి ఒక్కతే లాగి బండిలో పడేసేది. ఆ గదిలో కిటికీ లేదు. ఎటు చూసినా ఆవిరి, బ్లీచింగ్ వాసన, గోడల వెంట కారే చెమ్మ. ఏళ్ళ తరబడి అందులో ఉడికిన మనిషికి నది పిచ్చి పట్టిందంటే పట్టదా మరి!

ఒడ్డున కూర్చుని చూసే నది కాదు ఆమెకు కావలసింది. బండల మధ్య నురగలు కక్కుతూ దూకే నది, దాని మీద గాలి నింపిన రబ్బరు పడవ కావాలి. వయసులో ఉన్నప్పుడు తోటివాళ్ళతో సరదాకి వెళ్ళింది. వాళ్ళు ఒక్కసారితో చెంపలేసుకున్నారు, ఈమె మాత్రం ఏటా వెళ్ళింది. సీజన్ మొదలవుతుందనగానే బుకింగు ఆఫీసుకి మొదటి ఫోను ఆమెదే. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "ఉన్న సెలవులు నదికే చాలట్లేదు" అనేది. గైడు కూడా ఎప్పుడూ ఒకడే. ముందు వరసలో ఎడమపక్క చోటు ఆమెకోసం అట్టే పెట్టేవాడు.

ఆ గైడుకి ఒక పద్ధతి ఉంది. వడిలోకి దిగేముందు, నీళ్ళు నిదానంగా ఉన్నచోట పడవ ఆపి ఇద్దరిద్దరిని జత కడతాడు. ఒకరు నీళ్ళలోకి దూకాలి, రెండోవాళ్ళు లైఫ్ జాకెట్టు భుజాలు పట్టుకుని పడవలోకి లాగాలి. లాగలేనివాళ్ళకి తెడ్డు ఇవ్వడు. నడి పడవలో తాడు పట్టుకుని కూర్చోవాలి. దాన్ని మూటల వరస అనేవారు. ఎన్నోసార్లు అక్కడ కూర్చున్న పహిల్వాన్లను చూసి క్రేనక్క పగలబడి నవ్వింది.

ఆ ఏడు ఆమె కుడి భుజం పోయింది. లోపల నరం తెగిందనీ, బరువు ఎత్తొద్దనీ డాక్టరు చెప్పాడు. లాండ్రీలో ఆమెను దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికి మార్చారు. దానికి ఆమె కిక్కురుమనలేదు. నది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాణం ఒప్పుకోలేదు. మూటల వరసలో కూర్చోవడమా! ఆమె భుజం సంగతి పూర్తిగా తెలిసింది చెల్లెలికే. పక్కవీధిలోంచి రోజూ వచ్చి అక్కకి జడ వేసి వెళ్ళేది ఆమే.

"ఈసారి నేనూ వస్తానక్కా" అంది చెల్లెలు, దువ్వెన ఆపి.

"నువ్వా? బాత్రూంలో పంపు గట్టిగా తిప్పితే కెవ్వుమంటావు!"

"అరుస్తాలే. నీ పక్కన నేనుంటే నీ చేతి సంగతి ఎవరికీ తెలీదు. నా జత నువ్వే."

నిదానపు నీళ్ళలో చెల్లెలు కళ్ళు మూసుకుని దూకింది. క్రేనక్క వంగి జాకెట్టు భుజాలు పట్టుకుంది. కుడి చెయ్యి నిప్పు అంటుకున్నట్టు మండింది, వేళ్ళలో పట్టు లేదు. అంతలో చెల్లెలు పడవ చుట్టూ ఉన్న తాడు దొరకబుచ్చుకుని, కాళ్ళు తపతపా కొట్టి, తనంతట తనే ఎగబాకి అక్క ఒళ్ళో పడింది. "అబ్బ, ఒక్క గుంజుతో లాగేసిందండీ!" అని గైడుకి వినబడేలా అరిచింది. గైడు శభాషన్నట్టు బొటనవేలు ఎత్తాడు. చలికి వణుకుతూనే కన్ను గీటిన చెల్లెల్ని చూస్తే క్రేనక్కకి గుండె నిండిపోయింది. అంత ప్రేమ తనమీద ఇంకెవరికుంది!

మూడో మలుపు దాటాక పడవ ఒక్కసారి ఎడమకి ఒరిగింది. వెనక్కి తిరిగేసరికి, మూటల వరసలో తాడు పట్టుకుని కూర్చున్న చెల్లెలు లేదు. పడవ పక్కనే నీళ్ళలో తేలింది. క్రేనక్క ఎగిరి జాకెట్టు పట్టుకుంది. ఎదురుగా నల్లటి బండ మీదికొస్తోంది. గైడు ఒక్కసారి ఇటు చూశాడు. చెల్లెలు క్రేనక్క చేతుల్లో ఉంది. "అక్కా, లాగెయ్యండి!" అని కేకేసి, మిగతావాళ్ళని గట్టిగా తెడ్లు వెయ్యమంటూ పడవను తిప్పడానికి అటు తిరిగాడు.

నీళ్ళు చెల్లెలి కాళ్ళను పడవ కిందికి లాగేస్తున్నాయి. ఈసారి ఆమె ఎగబాకలేకపోయింది. "అక్కా" అంది. క్రేనక్క ఎడమచేత్తో లాగింది, పళ్ళతో జాకెట్టు పట్టీ కరిచి లాగింది. లాగలేకపోతున్నానని అరవాలని కూడా ఆమెకు తట్టలేదు. పడవ బండకి రాసుకుంది. చేతిలో జాకెట్టు ఒక్కసారిగా బరువెక్కి జారిపోయింది.

చెల్లెలు దిగువన ఇసుక ఒడ్డున దొరికింది. తల వెనక దెబ్బ, ఊపిరి లేదు. ఎవరో తువ్వాలు కప్పారు. చెల్లెలి భర్తకి ఫోను వెళ్ళింది, అతను బయల్దేరాడు. పడవల కంపెనీ యజమాని వచ్చి ఏం జరిగిందని గైడుని నిలదీస్తున్నాడు. గైడు హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు.

"తప్పు నాదే సార్. అక్క పట్టుకుంది కదా, ఇంక భయం లేదనుకుని ఇటు తిరిగాను. పొద్దున ఎంత తేలిగ్గా లాగిందో కళ్ళారా చూశాను."

క్రేనక్క ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"పొద్దున నేను లాగలేదు" అంది. "అదే ఎక్కింది. నా చెయ్యి పనిచెయ్యదు."

గైడుకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అతను కోప్పడలేదు. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆ ఒక్క ముక్క ముందే చెప్పుంటే, అన్నీ వదిలేసి నేనే వచ్చి లాగేవాణ్ణి కదక్కా!"

ఆమె చెల్లెలి పక్కన కూర్చుని, మొహం మీద అతుక్కున్న తడి జుట్టు ఎడమచేత్తో వెనక్కి తీస్తూ ఉండిపోయింది. కాసేపటికి పైన రోడ్డు మీద మరిది బండి ఆగిన చప్పుడైంది.